కూర అయిపోయాక కారమేనా?

"కారం ఉంది కదా, నాకు సరిపోద్దిలే."

మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్ళల్లో ఈ మాట అనని ఆడమనిషిని నేను చూడలేదు. మా అమ్మ అనేది, మా అత్తగారు అనేవారు, మా అప్ప ఇప్పటికీ అంటోంది. అందరూ తిని లేచాక, కూర గిన్నె అడుగు గరిటెతో గీకి, ఆ గీకింది కూడా పిల్లాడి కంచంలో వేసేసి, తన అన్నంలో చెంచాడు పండుమిరప కారం, ఇంత నూనె వేసుకుని కలుపుకుంటూ అనే మాట ఇది. వినడానికి ఎంత తేలిగ్గా ఉంటుందో! కూర తక్కువ వండారని ఎవరూ అనుకోరు, ఆవిడకి మిగల్లేదని ఎవరూ బాధపడరు. కారం అన్నిటినీ కప్పేస్తుంది.

నాకు ఆ కారం మీద కోపం లేదు. అదంటే నాకు ప్రాణం. కోపమంతా ఆ "సరిపోద్దిలే" మీద.

ఏటా సంక్రాంతి వెళ్ళాక, శివరాత్రి లోపల పండుమిరప కారం పెట్టుకుంటాను. ఎలా పెడతానో, ఏయే వాటిల్లోకి వేసుకుంటామో మొదట చెప్తాను. ఎందుకంటే ఈ కారం గొప్ప వంటకం అని నమ్మితేనే తర్వాత నేను చెప్పబోయే దెబ్బలాటకి అర్థం ఉంటుంది.

కాయలు ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. ఒంటినిండా ఎరుపెక్కి, ఇంకా గట్టిగా, తొడిమ పచ్చగా ఉన్నవి కావాలి. మెత్తబడినవి, మచ్చ పడినవి ఒక్కటి కూడా వద్దు, జాడీ మొత్తాన్ని పాడుచేస్తుంది. సంతలో "అన్నీ బాగున్నాయమ్మా, ఏరొద్దు" అంటారు, పట్టించుకోకండి, ఏరుకోండి. తొడిమలతోనే కడగాలి. తొడిమ తీసేసి కడిగితే కాయ లోపలికి నీళ్ళు దిగుతాయి, ఆ తడే తర్వాత బూజుకి దారి. కడిగాక గుడ్డతో ఒక్కొక్కటే తుడిచి, పాత నూలు చీర మీద పరిచి ఒక రాత్రంతా ఫ్యాను గాలికి వదిలేస్తాను. ఎండలో పెట్టను, ఎండితే ఆ కండ పోతుంది. తెల్లారాక తొడిమలు తీసి అప్పుడు తూకం వేసుకోవాలి.

కిలో కాయలకి పావుకిలో ఉప్పు, పావుకిలో చింతపండు, రెండు చెంచాల పసుపు. ఉప్పు గళ్ళుప్పే. నౌపడ ఉప్పుకొఠార్లు మన జిల్లాలోనే ఉన్నాయి కాబట్టి ఆ ఉప్పు మనకి కొత్త కాదు. దాన్ని ఓ పూట ఎండబెట్టి దంచుకుంటే సరి. చింతపండులో పిక్కలూ పీచూ తీసేయాలి. కొత్త చింతపండు అయితే రంగు బాగుంటుంది, పాతది వేస్తే కారం నల్లబడుతుంది. కాయల్ని ఉప్పు, పసుపు వేసి కచ్చాపచ్చాగా నలగ్గొట్టి, సగం జాడీలో వేసి, మధ్యలో చింతపండు పెట్టి, మిగతా సగం పైన వేసి నొక్కి, మూతి మీద గుడ్డ కట్టాలి. మూడు రోజులు దాని జోలికి వెళ్ళొద్దు. ఉప్పు కాయలోని నీటిని లాగుతుంది, ఆ ఊటలో చింతపండు నానుతుంది. చుక్క నీళ్ళు పొయ్యక్కర్లేదు. నాలుగో రోజు తీసి చింతపండుతో కలిపి మళ్ళీ తిప్పితే ఆ ఎరుపు చూడాలి! వేయించిన మెంతుల గుండ రెండు చెంచాలు అప్పుడు కలిపి, మళ్ళీ జాడీకెత్తి, పైన నువ్వులనూనె తేలేలా పోసేస్తాను. పోపు మాత్రం జాడీ మొత్తానికి పెట్టను. వారానికి సరిపడా బయటికి తీసి, దానికే ఆవాలు, ఇంగువ, వెల్లుల్లి, కరివేపాకు పోపు వేసి చల్లారాక కలుపుతాను. ఆ వారం దాని ఘుమఘుమ వేరు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. నిలవుండే కారంలో ఉప్పు తగ్గించి పెట్టొద్దు. ఉప్పు, పులుపు ఉన్నాయి కాబట్టే అది నిలుస్తుంది. ఆరోగ్యం కోసం సగం ఉప్పు వేశానని, బూజు పట్టిందని, పైన తెల్లగా ఉన్నంత మేర తీసేసి కింద కారం వాడుతున్నామని మా వీధిలోనే విన్నాను. బూజు పైకి కనిపించేది కొంతే. దాని వేళ్ళు కిందకి ఉంటాయి, కొన్ని రకాల బూజులు విషాన్ని కూడా వదులుతాయి. పట్టిందంటే పారెయ్యడమే. ఉప్పు తక్కువ తినాలంటే జాడీలో కాదు, కంచంలో తగ్గించాలి. దాని సంగతి కిందకి వస్తాను.

"రోట్లో దంచితేనే రుచి" అనేవాళ్ళకి కూడా ఒక మాట. నిజమే, రోట్లో కాయ నలుగుతుంది, మిక్సీలో తెగుతుంది. రుచిలో తేడా ఉంటుంది, కాదనను. కానీ ఆ మాట అనేవాళ్ళలో రోకలి పట్టినవాళ్ళు ఎందరో లెక్కెయ్యండి. మా చిన్నప్పుడు కారం దంపడానికి కూలికి వచ్చే ఆడవాళ్ళు ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని దంచేవారు. సాయంత్రానికి వాళ్ళ చేతులు నిప్పుల్లో పెట్టినట్టు మండేవి. చన్నీళ్ళలో ముంచుకుని కూర్చునేవారు, అయినా తగ్గేది కాదు. తగ్గదు మరి. మిరపలో మంట పుట్టించే పదార్థం క్యాప్సైసిన్, అది నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే పని మొదలుపెట్టే ముందే చేతులకి నూనె రాసుకోవాలి, అయ్యాక మళ్ళీ నూనె పట్టించి సబ్బుతో కడగాలి. చంటిపిల్లలున్నవాళ్ళు చేతికి తొడుగు వేసుకోవడమే మేలు. నోరు మండినా ఇదే సంగతి, నీళ్ళ గ్లాసు కాదు, పెరుగో మజ్జిగో తాగాలి. నేను మిక్సీలోనే చేస్తాను. ఆపి ఆపి తిప్పుతాను, వేడెక్కకుండా. నా కారానికి ఎవరూ వంక పెట్టలేదు, పెట్టినా రోకలి చేతికిస్తాను.

కొనుక్కునేవాళ్ళని కూడా నేను తప్పుపట్టను. ఉద్యోగానికి వెళ్ళొచ్చి వంట చేసే అమ్మాయి కారం పెట్టుకోలేదని నిష్ఠూరమాడే హక్కు మనకెక్కడిది? కొంటే ఆహార భద్రతా సంస్థ లైసెన్సు నంబరు, తయారైన తేదీ చూసి కొనుక్కోవాలి, విడిగా పోసి అమ్మే మరీ ఎర్రటి కారంగుండ జోలికి పోకూడదు. 2005లో ఇంగ్లండులో వందల రకాల తినే సరుకుల్ని దుకాణాల నుంచి వెనక్కి తెప్పించారు. కారణం, వాటిలో వాడిన మిరప గుండలో సూడాన్ అనే రంగు కలిసిందని తేలడం. ఎరుపు చూసి మోసపోవడం మన ఒక్కళ్ళకే ఉన్న జబ్బు కాదన్నమాట.

ఇక తినడం సంగతికి వస్తాను. దీని దగ్గరే నాకు ఎంత చెప్పినా తనివి తీరదు.

మొదటి ముద్ద వేడి అన్నం, ముద్దపప్పు, కారం, నువ్వులనూనె. దీనికి వాదన లేదు. నెయ్యి అనేవాళ్ళున్నారు, వాళ్ళిష్టం. నా మటుకు నాకు పప్పులోకి నెయ్యి, కారంలోకి నూనె.

ఎండాకాలం చోడి అంబలిలోకి ఇంత కారం, ఒక పచ్చి ఉల్లిపాయ. మా తాతల కాలంలో పొలం గట్టు మీద ఇదే మధ్యాహ్నం భోజనం. ఇప్పుడు చోళ్ళని రాగులని పేరు మార్చి డబ్బాల్లో పోసి అమ్ముతుంటే, మా గుంట "అమ్మా, ఇది హెల్దీ అట" అని నాకే చెప్తోంది. అంబలిలో మజ్జిగ కలిపి, కారాన్ని అంచున పెట్టుకుని నంజుకోవాలి. కలిపేస్తే ఆ రుచి రాదు.

పిల్లలకి పెట్టాలంటే పెరుగు పచ్చడి. గిన్నెడు గట్టి పెరుగులో అర చెంచా కారం, సన్నగా తరిగిన ఉల్లిపాయ, మీద పోపు. లేత గులాబీ రంగులో ఉంటుంది, ఆ రంగు చూసే తినేస్తారు. అదే పెరుగులో వేయించిన ఆనపకాయ ముక్కలు వేస్తే పెద్దవాళ్ళకి పనికొస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది నువ్వుల గుండ కలిపినది. నువ్వులు దోరగా వేయించి దంచి, రెండు వంతుల గుండకి ఒక వంతు కారం కలపాలి. మంట తగ్గుతుంది, ఉప్పు తగ్గుతుంది, కమ్మదనం వస్తుంది. ఇడ్లీలోకి, దిబ్బరొట్టెలోకి దీన్ని మించింది లేదు. ఇందులోనే వెల్లుల్లి, చిన్న బెల్లం ముక్క వేసి నూరి గుత్తివంకాయల్లో కూరితే ఇంక మసాలా ఏదీ అక్కర్లేదు. బెల్లం అనగానే దక్షిణాది జిల్లాల వాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. పులుసులో బెల్లం లేకపోతే మనకి అది పులుసే కాదు. ఆనపకాయ బెల్లం పులుసులో కారంగుండ బదులు చెంచాడు పండుమిరప కారం వేసి చూడండి. చింతపండు కొంచెం తగ్గించుకోవాలి, కారంలో ఎలాగూ ఉంటుంది.

అరటికాయ ఆవ పెట్టిన కూరలో కూడా అంతే. ఆవపిండి నూరేటప్పుడు ఎండుమిరప బదులు ఇది వేస్తే ఆవ ఘాటూ దీని పులుపూ కలిసి ముక్కుదాకా ఎక్కుతుంది. ఎండు నెత్తళ్ళు వేయించినప్పుడు దించబోయే ముందు అర చెంచా వేస్తాను, ఉప్పు మాత్రం వెయ్యను. చేపలోనూ ఉంది, కారంలోనూ ఉంది. ఉడకబెట్టిన గుడ్డుని రెండుగా కోసి మీద పోపు పెట్టిన కారం రాయడం మా అబ్బాయి కనిపెట్టాడు. వాడు వంటింట్లోకి రావడానికి అదొక సాకు అయింది, నేనూ కాదనలేదు. సాయంత్రం ఉడికించిన చిలగడదుంప, తియ్యటి దుంప మీద ఇంత ఎర్రటి కారం... ఇది రాస్తుంటేనే నోరూరుతోంది.

చూశారా? ఒక్క జాడీ. పప్పులోకి, అంబలిలోకి, పెరుగులోకి, వంకాయలోకి, పులుసులోకి, చేపలోకి, గుడ్డులోకి. ఇన్ని చోట్ల రాణించేదాన్ని తెచ్చి, కూర లేని కంచానికి కూరగా పెట్టడం ఆ కారానికి కూడా అవమానమే.

ఇక్కడ ఎవరైనా అడుగుతారు, కారం ముద్ద ఆడవాళ్ళే తిన్నారా, మగవాళ్ళు తినలేదా అని. తిన్నారు. మన జిల్లాల నుంచి హైదరాబాదు, చెన్నై కట్టడం పనులకి వెళ్ళినవాళ్ళు, గుజరాత్‌లోని వెరావల్‌కి చేపల వేటకి వెళ్ళే తీరం ఊళ్ళ వాళ్ళు, వాళ్ళ సంచుల్లో కారం సీసా లేకుండా బండెక్కరు. రూపాయి మిగుల్చుకోవాలని అక్కడ కారం, అన్నంతో రోజులు గడిపినవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసినప్పుడు, కరెంటు లేక, సంత లేక, కూరగాయ అన్నదే కనపడక ఉన్న ఆ రోజుల్లో జాడీలో కారం ఉన్న ఇల్లు కాస్త నిలదొక్కుకుంది. ఆ కారానికి నేను దణ్ణం పెడతాను. లేమిలో ఇంటిల్లిపాదీ కారం తింటే అది కష్టం పంచుకోవడం. అలాంటి రోజుల గురించి కాదు నేను మాట్లాడేది.

ఇంట్లో కూర ఉంది, చేప ఉంది, గుడ్లున్నాయి. అయినా వండినావిడ కంచంలో కారమే ఉంది. నేను మాట్లాడేది ఈ రోజు గురించి. దీన్ని లేమి అనలేం.

2019–21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది. సగానికి పైగా అంటే, మన వీధిలో కుళాయి దగ్గర నలుగురం నిలబడితే ఇద్దరికి పైనే. దానికి కారణాలు చాలా ఉంటాయి, నెలసరి, కాన్పులు, కడుపులో పురుగులు. తిండి కూడా ఒకటి. పప్పు, ఆకుకూర, చేప, గుడ్డు, వీటిలో ఉన్నది కారంలో లేదు. "మిరపకాయలో విటమిన్ సి ఉంటుందటగా" అని మా పిన్ని అంది. ఉంటుంది. హంగరీ శాస్త్రవేత్త సెంట్-గ్యోర్గీ తమ ఊరి ఎర్ర మిరపల్లోంచే దాన్ని బోలెడంత తీశాడు, 1937లో ఆయనకి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కానీ అది పచ్చి కాయ సంగతి. నెలల తరబడి నిలవుంచాక అది చాలావరకు పోతుంది. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పప్పు మీద నిమ్మకాయ పిండుకోవడం మేలు. కారం రుచి కోసం, రక్తం కోసం కాదు.

ఉప్పు లెక్క కూడా చూడండి. కిలో కాయలు, పావు ఉప్పు, పావు చింతపండు అంటే మొత్తంలో ఆరో వంతు ఉప్పే. పది గ్రాముల చెంచాలో సుమారు ఒకటిన్నర గ్రాముల పైన. రోజుకి మొత్తం ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. కూర లేనప్పుడు అన్నమంతా కారంతోనే తినాలంటే మూడు చెంచాలు ఎటూ పోతాయి. అంటే ఒక్క పూటలో రోజంతటి ఉప్పూ అయిపోయింది. పప్పులో నంజుకుంటే అర చెంచా చాలు. కంచంలో తగ్గించాలి అని పైన అన్నది ఇందుకే. కూర పక్కన కారం తినడానికీ, కూరకి బదులు కారం తినడానికీ తేడా ఇదీ.

ఉద్దానం వైపు వాళ్ళకి ఇది మరీ ముఖ్యం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఆ ఊళ్ళల్లో కిడ్నీ జబ్బు లేని వీధి ఉందా? 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాయి. అక్కడికి వెళ్ళొచ్చిన మా దూరపు చుట్టం ఒకాయనకి డాక్టరు నిలవ పచ్చళ్ళు మానెయ్యమన్నారు. ఇంట్లో ఆయనకి వేరే చప్పిడి కూర వండుతున్నారు, బాగానే చూసుకుంటున్నారు. ఆయన భార్యకి కూడా కాళ్ళు వాస్తున్నాయి. ఆవిడ మాత్రం రెండు కూరలు ఎక్కడ వండుతామని కారంతో కానిచ్చేస్తోంది! ఆవిడకి పరీక్ష చేయించమని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. కిడ్నీ, బీపీ ఉన్నవాళ్ళకి ఏం తినొచ్చో డాక్టరే చెప్పాలి. మన వంతుగా చెయ్యగలిగింది, ఆ జబ్బు ఇంట్లో మగాయనకే వస్తుందన్నట్టు ఉండకపోవడం.

మా ఇంట్లో నేనొక పద్ధతి పెట్టాను. కూర దించగానే, ఎవరూ కూర్చోకముందే, నా వంతు, మా అత్తగారి వంతు మూత గిన్నెల్లోకి తీసి పక్కన పెట్టేస్తాను. కారం గిన్నె మాత్రం మధ్యలో పెడతాను, అందరూ మొదటి ముద్దకి వేసుకునేలా. మొదట్లో మా అత్తగారు ఊరుకోలేదు.

"ఏటే, ఆడది ముందుగా తన వాటా తీసుకుంటాదా? ఎక్కడైనా ఉందా?"

"మీదే ముందు తీశాను అత్తయ్యా, నాది తర్వాత."

"నాకెందుకే, కారం ఉంది కదా."

"కారం అందరికీ ఉంది."

ఆవిడ ఆ రోజు కోపంగా తిన్నారు. కూర మొత్తం తిన్నారు, అది వేరే సంగతి. మా ఆయన ఏమీ అనలేదు. కొన్నాళ్ళకి కూర చాలక "ఇంకొంచెం ఉందా" అని అడిగి, ఆ మూత గిన్నె వైపు చూసి, తనే కారం వేసుకుని నూనె పోసుకున్నాడు. ఏమీ అయిపోలేదు. మర్నాడు కూరగాయలు కాస్త ఎక్కువ తెచ్చాడు. కూర చాలడం లేదన్న సంగతి ఇన్నేళ్ళూ ఆయనకి తెలియలేదు, ఎందుకంటే చాలనిది ఎప్పుడూ ఆయన కంచంలో కాదు. చాలనప్పుడు చాల్లేదని నలుగురి ముందూ తెలియాలి. మనం కారంతో కప్పేస్తుంటే ఎవరికి తెలుస్తుంది?

"అదే మన ఆచారం, తల్లి ఆఖర్నే తినాలి" అంటారు కొందరు. ఆచారం మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. ఈ మిరపకాయే మనది కాదు. అమెరికా ఖండాల్లో పుట్టి, పోర్చుగీసువాళ్ళ ఓడల్లో ఇటు చేరి సుమారు ఐదొందల ఏళ్ళే అయింది. శ్రీనాథుడు మిరపకాయ తిని ఎరగడు, ఆయన కాలంలో కారమంటే మిరియాలూ పిప్పళ్ళే. ఎక్కడిదో కాయని తెచ్చుకుని, నౌపడ ఉప్పు వేసి, మన నువ్వులనూనె పోసి మన వంట చేసుకున్నాం. వంటింట్లో అంత పెద్ద మార్పు ఒప్పుకున్నవాళ్ళం, ఒక మూత గిన్నెని ఒప్పుకోలేమా?

మా అత్తగారు ఇప్పటికీ పూర్తిగా మారలేదు. తన గిన్నెలోంచి చేప ముక్క తీసి మనవడి కంచంలో వెయ్యబోతారు. వాడు చెయ్యి అడ్డం పెడతాడు, ఆవిడ ఊరుకోరు, కాసేపు గొడవ నడుస్తుంది. ఒక్కోరోజు ముక్క వాడి కంచంలోకి వెళ్తుంది, ఒక్కోరోజు వెళ్ళదు. మా అప్ప అయితే ఫోనులో నవ్వుతుంది, "నీదంతా చోద్యం" అని. అయినా కిందటి నెల మూత గిన్నెలు ఎక్కడ కొన్నావని అడిగింది.

ఈ ఏడు నేను రెండు కిలోల కాయలు పెట్టాను. ఒక సీసా అప్పకి, ఒకటి ఊరెళ్ళే మా మరిదికి. మిగిలింది దీపావళి దాటదనుకుంటున్నాను, మా అబ్బాయి గుడ్లకే సగం అయిపోయేలా ఉంది.